‘కుంపటి పెట్టుకుంటే సరి’ అంటున్నారు మావయ్యగారు

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్న ఒకావిడ ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది, కుదించి చెబుతాను.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ని మంచు తుపాను ముంచెత్తినప్పుడు ఆవిడ ఇర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉన్నారు. భర్త తన తండ్రి ఆపరేషన్ కోసం ఇండియా వెళ్ళారు. ఒళ్ళో ఏడు నెలల పాప. 15వ తేదీ తెల్లవారుజామున పోయిన కరెంటు రెండు రోజులు దాటినా రాలేదు. స్టవ్ కూడా కరెంటుదే కాబట్టి పాలపొడి కలపడానికి వేడినీళ్ళు లేవు. పాలసీసాని స్వెట్టర్ లోపల ఒంటికి ఆనించి పెట్టుకుని గోరువెచ్చన చేశారట. రాత్రిళ్ళు కింద పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేసి, పాపని పట్టుకుని అందులో కూర్చున్నారు. రెండో రోజు సాయంత్రం పై ఫ్లోర్‌లో ఉండే తమిళ దంపతులు తలుపు కొట్టి, ‘మా అన్నయ్య ఇంట్లో కరెంటు ఉంది, రండి’ అని తీసుకెళ్ళేదాకా అదే పరిస్థితి.

ఇప్పుడు సొంతిల్లు. పాప స్కూలుకి వెళ్తోంది. కానీ నవంబర్ వస్తే ఆవిడకి నిద్ర ఉండదు. ఫోన్లో వెదర్ యాప్ చూసిందే చూడటం, గరాజులో నీళ్ళ కేసులు, టిన్నులు, కొవ్వొత్తులు పేర్చడం. కారు పెట్టడానికి చోటు లేదని భర్త విసుగు. ఇల్లంతటికీ సరిపడే జనరేటర్‌కి కొటేషన్ తెప్పిస్తే 12 వేల డాలర్లు దాటింది. ‘అది వందేళ్ళకోసారి వచ్చేది. అప్పుడు కూడా ఫ్రిస్కోలో మా ఫ్రెండ్ ఇంట్లో కరెంటే పోలేదు. నువ్వు ప్రతిదీ భూతద్దంలో చూస్తావు’ అని ఆయన కొట్టిపారేశారు.

ఈలోగా అమలాపురం దగ్గర పల్లె నుంచి అత్తమామలు వస్తున్నారు. డిసెంబర్‌లో వచ్చి ఐదు నెలలు ఉంటారు. అత్తగారికి ఆస్తమా, నెబ్యులైజర్ వాడతారు. మావయ్యగారికి ఇన్సులిన్. తన భయం ఫోన్లో చెబితే ఆయన నవ్వి, ‘తొంభై ఆరు తుపాను చూసినవాళ్ళం అమ్మాయ్, ఈ చలి ఎంత? గదిలో కుంపటి పెట్టుకుంటే సరి’ అన్నారట. స్పీకర్‌లో విన్న వాళ్ళందరూ నవ్వారు. ‘నాకు మాత్రం నవ్వు రాలేదు’ అని రాశారావిడ. అడిగినవి మూడు: నేను అతి చేస్తున్నానా? జనరేటర్ కోసం పట్టుబట్టాలా? అత్తమామల్ని చలికాలం అయ్యాక రమ్మంటే తప్పా?

జవాబు:

ముందు కుంపటి సంగతి తేల్చుకుందాం. మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది అదొక్కటే.

మావయ్యగారిని తేలిగ్గా తీసుకోకండి. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళకి తుపాను అంటే ఏమిటో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలకొరిగాయి, ఊళ్ళకి ఊళ్ళు చీకట్లో ఉండిపోయాయి. నీళ్ళు పట్టి పెట్టుకోవడం, అగ్గిపెట్టె తడవకుండా దాచుకోవడం, అటుకులూ బెల్లం సిద్ధంగా ఉంచుకోవడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. అవన్నీ ఫ్రిస్కోలోనూ పనికొస్తాయి. పనికిరానిది కుంపటి ఒక్కటే. పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి, కిటికీ రెక్కల్లోంచి గాలి ఆడుతూనే ఉంటుంది. మీ ఇల్లు అలా కాదు. ఏసీ చల్లదనం బయటికి పోకుండా అన్ని సందులూ మూసి కట్టినది. అందులో బొగ్గులు రాజేస్తే పొగ కనపడకపోయినా కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, ఆ తర్వాత మగత. చలికి, అలసటకి ఇలా ఉందిలే అనుకుని పడుకుంటారు. ఆస్తమా ఉన్న మనిషికి ఆ పొగే చాలు, గ్యాసు దాకా అక్కర్లేదు.

2021లో ఆ వారం టెక్సాస్‌లో ఈ గ్యాసు బారినపడి ఆస్పత్రులకి పరుగెత్తినవాళ్ళు వెయ్యిమందికి పైనే. ఇంట్లో బార్బెక్యూ గ్రిల్లు వెలిగించినవాళ్ళు, గరాజులో కారు ఆన్ చేసి కూర్చున్నవాళ్ళు, జనరేటర్‌ని గుమ్మంలో పెట్టినవాళ్ళు. ఎవరూ తెలివితక్కువవాళ్ళు కాదు, చలికి తాళలేకపోయారు. మీరు ఆ రాత్రి కారులో కూర్చున్నారు కానీ ఆరుబయట పార్కింగ్‌లో కూర్చున్నారు. అది మీ ఇద్దరినీ కాపాడింది. అదే కారు మూసిన గరాజులో ఉంటే కథ వేరేలా ఉండేది. గరాజు తలుపు ఎత్తిపెట్టినా సరే, అక్కడ ఇంజన్ నడపకూడదు.

కాబట్టి అత్తమామలు ఎప్పుడు వచ్చినా, జనరేటర్ కొన్నా కొనకపోయినా, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఉండాలి. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర. కొత్త ఇళ్ళలో కరెంటుకి కలిపినవి ఉంటాయి కానీ లోపలి బ్యాటరీ చచ్చిపోయి ఉంటే కరెంటు పోయిన రోజే అవీ పోతాయి. ఈ శనివారమే స్టూలెక్కి బటన్ నొక్కి చూడండి. ఇందులో మీ ఆయనకి అభ్యంతరం ఉంటుందనుకోను.

ఇక ఆయన వాదన. సగం నిజం ఉంది. ఆ సగం మీరు ఒప్పుకుంటే మిగతా సగం ఆయన వింటారు.

2021లో జరిగింది మామూలు కరెంటు కోత కాదు. టెక్సాస్ గ్రిడ్ చాలావరకు మిగతా దేశంతో సంబంధం లేకుండా విడిగా నడుస్తుంది. ఆ చలికి గ్యాసు బావులు, పైపులు, కరెంటు ప్లాంట్లు గడ్డకట్టాయి. డాలస్ విమానాశ్రయంలో ఫిబ్రవరి 16న మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 19. గ్రిడ్ మొత్తం కుప్పకూలడానికి 5 నిమిషాలు కూడా లేని స్థితి వస్తే, దాన్ని నిలబెట్టడానికి దాన్ని నడిపే సంస్థ ఎర్కాట్ లక్షల ఇళ్ళకి కరెంటు తీసేయించింది. గంటకో వీధి చొప్పున మార్చి మార్చి తీస్తామన్నారు గానీ తియ్యాల్సింది మరీ ఎక్కువై మార్చడం కుదరలేదు. ఆస్పత్రి ఉన్న లైను మీద ఉన్న ఇళ్ళు వెలుగుతూనే ఉన్నాయి, పక్క లైను మీద ఉన్నవి రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మీ ఆయన ఫ్రెండ్ ఇంట్లో కరెంటు ఉండటానికీ మీ ఇంట్లో లేకపోవడానికీ తేడా అంతే, ఏ తీగ మీద ఉన్నారన్నది. ఆ ఫ్రెండ్ అదృష్టాన్ని రుజువుగా చూపించడం సరికాదని మీరు నెమ్మదిగా చెప్పొచ్చు.

అయితే ఆ తర్వాత ప్లాంట్లని చలికి తట్టుకునేలా చెయ్యాలని చట్టం వచ్చింది. 2022 డిసెంబర్‌లో, 2024 జనవరిలో గట్టి చలి వచ్చినా గ్రిడ్ కోతలు పెట్టకుండా నిలబడింది. ఆ మేరకు ఆయన ధీమాకి ఆధారం ఉంది. కానీ కరెంటు పోవడానికి గ్రిడ్డే పడిపోనక్కర్లేదు. 2023లో ఫిబ్రవరి మొదటి రోజుల్లో ఆస్టిన్‌లో కొమ్మల మీద ఐసు పేరుకుని, ఆ బరువుకి విరిగి తీగల మీద పడ్డాయి. గ్రిడ్ నిక్షేపంగా ఉంది, లక్ష ఇళ్ళకి పైగా చీకటి. మీ కాలనీలో తీగలు భూమిలోంచే వెళ్తూ ఉండొచ్చు. అక్కడిదాకా కరెంటు తెచ్చే లైన్లు ఎక్కడో ఒకచోట స్తంభాల మీదే ఉంటాయి.

మీ మొదటి ప్రశ్నకి నా అభిప్రాయం: మీ భయం అతి కాదు, గరాజు మాత్రం అతి. కొవ్వొత్తులు చాలావరకు తీసేయండి. ఆస్తమా మనిషి, చిన్నపిల్ల, దుప్పట్లు కప్పిన గది, అందులో కొవ్వొత్తా? బ్యాటరీ లాంతర్లు చాలు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి ఒక గ్యాలన్, అంటే నాలుగు లీటర్లకి కాస్త తక్కువ. ఐదుగురికి వారానికి 35 గ్యాలన్లు. అంతకు మించి ఉన్నది ఎవరికైనా ఇచ్చేసి ఆయన కారుకి చోటు చెయ్యండి. బాత్‌రూమ్ వాడకానికి తుపాను ముందురోజు టబ్బు నింపుకోవచ్చు, దానికి సీసాలు ఎందుకు?

మీ ఉత్తరంలో ఎక్కడా లేనిది పైపుల ప్రస్తావన. టెక్సాస్‌లో ఆ వారం చలికన్నా ఎక్కువ ఇళ్ళని పాడుచేసింది పగిలిన పైపులే. అక్కడి ఇళ్ళలో నీళ్ళ పైపులు ఆటిక్‌లోంచి (పైకప్పు కింది అటక), బయటి గోడల్లోంచి వెళ్తాయి. ఐసు కరిగిన మధ్యాహ్నం సీలింగ్ ఊడి సోఫా మీద పడుతుంది. ఇంటికి నీళ్ళు కట్టేసే వాల్వు ఎక్కడుందో మీ ఇద్దరికీ తెలుసా? చాలా ఇళ్ళకి రోడ్డు పక్కన మీటరు పెట్టెలో ఉంటుంది. దాన్ని తిప్పడానికి ఇంగ్లిష్ ‘T’ ఆకారంలో పొడవాటి ఇనుప తాళంచెవి కావాలి, హార్డ్‌వేర్ షాపులో కొద్ది డాలర్లకే దొరుకుతుంది. ఎండ ఉన్న రోజున ఒకసారి తిప్పి చూడండి. గడ్డకట్టిన మట్టిలో చీకట్లో మొదటిసారి వెతుక్కునే పని కాదది. బయటి కుళాయిలకి తొడుగులు, లాన్ స్ప్రింక్లర్ల పక్కన నేల మీదికి కనిపించే ఇత్తడి వాల్వుకి చుట్టడానికి కవరు, ఇవి నవంబర్‌లోనే కొనండి. తుపాను హెచ్చరిక వచ్చిన పూట షాపుల్లో ఆ అరలు ఖాళీ. మీ వాటర్ హీటర్ ట్యాంకు లేని రకమై బయటి గోడకి ఉంటే, అది గడ్డకట్టకుండా కాపాడే చిన్న హీటర్ కరెంటుతోనే పనిచేస్తుందని గుర్తుంచుకోండి. కరెంటు పోతే దాన్ని ఖాళీ చెయ్యాలి. ఎలాగో ప్లంబర్ చేత ఒకసారి చూపించుకుని ఫోన్లో వీడియో తీసుకోండి. చలి రాత్రుల్లో బయటి గోడ వైపు ఉన్న ట్యాపులు సన్నగా కారనివ్వండి, సింకు కింద అలమర తలుపులు తెరిచి ఉంచండి.

ఇప్పుడు జనరేటర్. మీ ఇద్దరూ ‘12 వేలా, సున్నానా’ అని పోట్లాడుకుంటున్నారు. మధ్యలో చాలా మెట్లున్నాయి.

మీ ఇంటి హీటర్ గ్యాసుదని రాశారు. గ్యాసుదే అయినా గాలిని ఇల్లంతా తోసే ఫ్యాన్ కరెంటుదే కాబట్టి కరెంటు పోతే హీటరూ ఆగిపోతుంది. అయితే ఆ ఫ్యాన్‌కి కావలసిన కరెంటు ఇల్లంతటికీ కావలసినదానితో పోలిస్తే చాలా తక్కువ. చేత్తో తోసుకెళ్ళే, పెట్రోలుతో నడిచే మామూలు ఇన్వర్టర్ జనరేటర్ చాలావరకు దాన్ని నడపగలదు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫర్నేస్‌కి, అంటే ఆ గ్యాసు హీటర్‌కి, ట్రాన్స్‌ఫర్ స్విచ్ (బయటి కరెంటు నుంచి విడదీసి జనరేటర్‌కి కలిపేది) పెట్టించుకుంటే, పెద్ద జనరేటర్‌లో చిన్న వంతు ఖర్చుతో ఇల్లు వెచ్చగా ఉంటుంది. గోడ ప్లగ్గులోకి వెనక్కి కరెంటు ఎక్కించే అతితెలివి మాత్రం వద్దు, బయట తీగ బాగుచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఈ జనరేటర్‌తో ఇబ్బంది ఏమిటంటే, ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకి ఎడంగా పెట్టాలి. ఐసు మీద నడిచెళ్ళి పెట్రోలు పొయ్యాలి. అర్ధరాత్రి ఆ పని ఎవరు చేస్తారు? కొనే ముందు ఇది మాట్లాడుకోవాలి.

ఇంకో దారి, బ్యాటరీ పవర్ స్టేషన్, అంటే ముందే ఛార్జ్ చేసి పెట్టుకునే పెద్ద బ్యాటరీ పెట్టె. పొగ లేదు, చప్పుడు లేదు, పడకగదిలోనే పెట్టుకోవచ్చు. కానీ దానితో గది వేడెక్కుతుందనుకోకండి. 1,500 వాట్ల రూమ్ హీటర్ 1,000 వాట్-అవర్ల బ్యాటరీని ముప్పావుగంట కూడా కాకుండా తాగేస్తుంది. అదే అత్తగారి నెబ్యులైజర్ 150 వాట్లదనుకుంటే, పావుగంట వాడితే 40 వాట్-అవర్ల లోపే. రోజుకి నాలుగుసార్లు వాడినా, ఫోన్లు ఛార్జ్ చేసినా, అలాంటి బ్యాటరీ మూడు నాలుగు రోజులు వస్తుంది. మీ ఇంటి పరిస్థితికి నేనైతే మొదటి డబ్బు దీనిమీదే పెడతాను. గరాజు చలిలో కాకుండా ఇంట్లో ఉంచి, నిండా ఛార్జ్ చేసి పెట్టుకోండి.

ఏదీ కొనకపోయినా దారి ఉంది, ముందే బయల్దేరిపోవడం. 2021లో మిమ్మల్ని ఆదుకున్నది వస్తువు కాదు, తలుపు కొట్టిన ఆ దంపతులు. ఈసారి అది అదృష్టానికి వదలకండి. వేర్వేరు కాలనీల్లో ఉన్న రెండు మూడు కుటుంబాలతో ‘ఎవరింట్లో కరెంటుంటే వాళ్ళింటికి’ అని ఇప్పుడే అనుకోండి. దీనికున్న లోపం రోడ్డు. 2021 ఫిబ్రవరి 11న, కరెంటు పోవడానికి ముందే, ఫోర్ట్‌వర్త్‌లో ఐసు పట్టిన హైవే మీద 130కి పైగా బళ్ళు ఒకదానికొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. వెళ్తే ఐసు పడకముందే వెళ్ళాలి, పడ్డాక పక్క ఊరు కూడా దూరమే. మీకు ఇల్లు దగ్గర లేకపోతే 2-1-1కి ఫోన్ చేస్తే వెచ్చగా ఉండే కేంద్రాలు ఎక్కడున్నాయో చెబుతారు.

కదలలేకపోతే ఇల్లంతా వదిలేసి ఒక్క గదిలోకి చేరండి. చిన్న గది, కిటికీలకి రజాయిలు, తలుపు కింద తువ్వాలు, పాప టెంటు ఉంటే మంచం మీదే వేసేయండి. మావయ్యగారికి మంకీ క్యాప్ ఎలాగూ సూట్‌కేసులోనే వస్తుంది. కరెంటు ఉండగానే ఫ్లాస్కులు నిండా వేడినీళ్ళు పోసుకోండి. చాలా గ్యాస్ స్టవ్‌లు అగ్గిపుల్లతో వెలుగుతాయి. టీ కాచుకోండి, అన్నం వండుకోండి, కిటికీ కాస్త తెరిచి. గది వేడెక్కడానికి మాత్రం స్టవ్ వదిలేయకండి, అది కూడా కుంపటి కిందే లెక్క. తిండి గురించి మన ఇళ్ళలో చెప్పాల్సింది తక్కువ. కందిపొడి, పచ్చళ్ళు, అటుకులు, జంతికలు ఉన్న ఇల్లు నాలుగు రోజులు ఆకలితో ఉండదు.

అత్తమామల ప్రయాణం. వాయిదా వెయ్యమంటే తప్పేమీ లేదు, కానీ లాభం మీరనుకున్నంత లేదు. మార్చికి మారిస్తే టోర్నడో సైరన్లు, జూలైకి మారిస్తే వందా ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. అప్పుడు కరెంటు పోతే అదో నరకం. పైగా ‘చలి సాకుతో కోడలు వద్దంది’ అనే మాట ఒకసారి పడితే చెరపడం కష్టం. ఫిబ్రవరి నెలాఖరులో దిగేలా మారిస్తే చలి గండం చాలావరకు దాటుతుంది. టిక్కెట్లు ఇంకా కొనలేదంటే అది అడగదగ్గ మాటే, మీ ఆయన నోటితో అడిగించండి. కొనేసి ఉంటే రానివ్వండి, ఇంటిని సిద్ధం చేసుకోండి.

వచ్చే ముందే తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. అత్తగారి నెబ్యులైజర్ ఇండియాదైతే 230 వోల్ట్‌లది, అక్కడి 120 వోల్ట్‌ల ప్లగ్గులో సరిగ్గా నడవదు. అక్కడ ఒకటి కొనండి. కరెంటు లేనప్పుడు స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టి ఇన్‌హేలర్‌తో సర్దుకోవచ్చేమో వాళ్ళ డాక్టర్‌ని అడిగి రాయించుకు రమ్మనండి. మావయ్యగారు సీసా ఇన్సులిన్ వాడుతుంటే మరీ జాగ్రత్త. మన దగ్గర సీసాలు చాలావరకు 40 యూనిట్ల రకం, అమెరికా సిరంజిలు 100 యూనిట్ల లెక్కవి. అక్కడి సిరంజితో ఇక్కడి మందు ఎక్కిస్తే డోసు తప్పుతుంది. సిరంజిలు కూడా ఇక్కడినుంచే, ఉన్న రోజులకన్నా కొన్ని వారాలకి ఎక్కువే తెచ్చుకోమనండి. ఫ్రిజ్ ఆగిందని ఇన్సులిన్‌ని మంచులో పెట్టకూడదు, గడ్డకడితే అది పనికిరాదు.

కుంపటి మాట మావయ్యగారికి మీరు చెబితే ‘భయస్తురాలు’ అంటారు. కొడుకు చెబితే వింటారు. ఇంకా మంచిది, ఆయన దిగిన వారంలో అలారం చూపించి, ఇంటికి తుపాను పెద్దని ఆయన్నే చెయ్యండి. నీళ్ళు పట్టించడం, లాంతర్ల బ్యాటరీలు చూడటం, వాల్వు కట్టడం ఆయన పని. చేతిలో పని ఉన్న పెద్దాయన బొగ్గుల కోసం వెతకరు.

చివరిగా మీ నిద్ర. ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు చలి గురించి రాసిన వాక్యాలకన్నా ఒంటరిగా ఉండటం గురించి రాసినవి ఎక్కువ. మీ ఆయన ఆ రెండు రోజులు చూడలేదు. తండ్రి ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న మనిషిని తప్పుపట్టలేం కూడా. బహుశా ఆ సంగతి తలుచుకోవడం ఇష్టం లేకే ‘వందేళ్ళకోసారి’ అంటున్నారేమో. గొడవలో కాకుండా ఒక పూట కూర్చోబెట్టి ఆ రెండు రోజులూ గంట గంటకీ ఏం జరిగిందో ఆయనకి పూర్తిగా చెప్పారా? చెప్పకపోతే కొటేషన్ పక్కన పెట్టి ముందు అది చెప్పండి. అయినా ప్రతి నవంబర్‌లోనూ నిద్ర పట్టకుండానే ఉంటే కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళండి. నాలాంటివాళ్ళ ఉత్తరం దానికి చాలదు.

జనరేటర్ అడిగే ముందు ఆయన్ని ఇంకొకటి అడగండి: జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆఫీసు ప్రయాణాలు మానుకోగలరా, కనీసం హెచ్చరిక వస్తే వెనక్కి రాగలరా? రాగలనంటే మీ ఇద్దరికీ చిన్న జనరేటర్, ఫర్నేస్ స్విచ్ సరిపోవచ్చు. ఉద్యోగం అలా కుదరదంటే, మీరు ఒక్కరే, ఇద్దరు పెద్దవాళ్ళనీ పాపనీ పెట్టుకుని నడపగలిగేదే కొనాలి. అప్పుడు ఐసులోకి వెళ్ళి తాడు లాగి స్టార్ట్ చేసే యంత్రం మీకు పనికిరాదు. బ్యాటరీతో, ముందే మాట్లాడుకున్న ఇంకో ఇంటి తాళంచెవితో సరిపెట్టుకోవడమో, లేదంటే ఆ 12 వేలు పెట్టడమో తేల్చుకోవాలి. అప్పుడు ఆ ఖర్చు గురించి ఆయన కూడా ఇంకోలా లెక్క వేస్తారు.